గోదావరి లోయ వేటగాళ్లు: ఎముకలు కొన్నే, ప్రశ్నలు బోలెడు

మా పెదపాడులో ఇంటి ముందు సిమెంటు రోడ్డు వేసేటప్పుడు ఒక లారీ కంకర తెచ్చి గుట్టగా పోశారు. అప్పుడు నేను వర్క్ ఫ్రమ్ హోమ్‌లో ఉన్నా. సాయంత్రం కాల్స్ అయ్యాక బయటికొచ్చి ఒక రాయి చేతిలోకి తీసుకున్నా. నల్లగా, బరువుగా ఉంది. పనులు చూస్తున్న మా బాబాయిని అడిగా.

“ఎక్కడి రాయి బాబాయ్ ఇది?”

“గౌరీపట్నం క్వారీది రా. నల్లరాయి. ఇంత గట్టి రాయి ఇంకెక్కడా దొరకదు.”

“దీని వయసు ఆరున్నర కోట్ల సంవత్సరాలు, తెలుసా?”

బాబాయి లారీ డ్రైవర్ వైపు తిరిగి, “అయితే పాత సరుకు తోలావన్నమాట!” అన్నాడు. అందరూ నవ్వారు.

జోక్ పక్కన పెడితే, ఆ రాయి నిజంగానే డైనోసార్ల కాలం చివరి రోజులది. దేవరపల్లి మండలం గౌరీపట్నంలోనూ, గోదావరి దాటాక రాజమండ్రి దగ్గర కాతేరు వైపూ క్వారీల్లో కనిపించే ఈ నల్లరాయి గడ్డకట్టిన లావా. దీన్ని బసాల్ట్ అంటారు. మహారాష్ట్ర అంతా పరుచుకున్న దక్కన్ లావాకు ఇది తూర్పు చివర. అక్కడ ఉబికిన లావా పాత నదీ లోయల వెంట దాదాపు 1,000 కిలోమీటర్లు ప్రవహించి మన వైపు సముద్రం దాకా వచ్చిందని చాలామంది శాస్త్రవేత్తల అంచనా.

డైనోసార్ అనగానే మనకు హాలీవుడ్ సినిమా గుర్తొస్తుంది. అమెరికా, టి-రెక్స్, అంతే. కానీ డైనోసార్ వేటగాళ్ల మొదటి తరం గురించి ప్రపంచం ఇప్పుడు మాట్లాడుకుంటున్న విషయాల్లో ఒకటి మన గోదావరి లోయలోనే దొరికింది. దాన్ని చదువుతుంటే నాకు ఉద్యోగాల వేటలో చేసిన ఒక తప్పు కూడా గుర్తొచ్చింది. రెండూ చెప్తా.

మన ఊళ్లో ఎందుకు దొరకవు?

ముందు ఒక డౌట్ క్లియర్ చేసుకుందాం. పెదపాడులోనో, కొల్లేరు పక్కన ఏ చేపల చెరువులోనో జేసీబీతో తవ్వితే డైనోసార్ ఎముక దొరుకుతుందా? దొరకదు. మన కింద ఉన్నది కృష్ణా, గోదావరి తెచ్చి పోసిన ఒండ్రు. నల్లమట్టి, ఇసుక, మధ్యలో నత్తగుల్లలు. భూమి లెక్కలో ఇది నిన్నమొన్నటి మట్టి. డైనోసార్ల కాలపు రాళ్లు దీనికి చాలా లోతున ఉన్నాయి. కైకలూరు వైపు ఓఎన్‌జీసీ వాళ్లు గ్యాస్ కోసం బావులు వేసేది ఆ లోతైన పొరల్లోకే.

అలాగని అవి పూర్తిగా దాక్కోలేదు. మెట్ట ప్రాంతానికి వెళ్తే పైకి తేలతాయి. ద్వారకా తిరుమల గుట్టల్లో ఉన్న ఇసుకరాయికి భూగర్భ శాస్త్రంలో పేరు ‘తిరుపతి శాండ్‌స్టోన్’. మనం చిన తిరుపతి అంటామే, ఆ పేరే అది. అలాగే గొల్లపల్లి, రాఘవాపురం అనే మన ఊళ్ల పేర్లతో రాతి పొరలున్నాయి. జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకు చెందిన విలియం కింగ్ వీటిని 1880లోనే పుస్తకానికి ఎక్కించాడు. రాఘవాపురం పొరల్లో మొక్కల ముద్రలు, అమ్మోనైట్లు అనే సముద్ర జీవుల గుల్లలు దొరికాయి. అంటే డైనోసార్లు భూమి మీద తిరుగుతున్న రోజుల్లో మన మెట్ట ఒక సముద్ర తీరం.

లావాకు ముందు రాజు

గౌరీపట్నం, రాజమండ్రి క్వారీల్లో రెండు లావా పొరల మధ్య సన్నటి మట్టి, సున్నపు పొర ఉంటుంది. గెర్టా కెల్లర్ అనే శాస్త్రవేత్త బృందం ఆ పొరలోని సూక్ష్మ జీవుల గుల్లలను పరిశీలించి 2008లో ఒక పేపర్ ప్రచురించింది. డైనోసార్లు అంతరించిన వెంటనే సముద్రంలో పుట్టుకొచ్చిన జాతులు అందులో కనిపించాయి. అంటే కింది లావా వినాశనానికి దగ్గరి కాలంలో వచ్చింది, పై లావా ఆ తర్వాత వచ్చింది. డైనోసార్లను చంపింది మెక్సికోలో పడ్డ ఉల్కా, దక్కన్ లావానా, రెండూ కలిసా అన్న చర్చలో మన క్వారీలు కూడా సాక్షులే.

ఆ లావా రాకముందు మన దేశంలో వేటగాడు ఎవరు? గుజరాత్‌లో బాలాసినోర్ దగ్గర రహియోలి అనే ఊరుంది. 1980ల మొదట్లో అక్కడ జియలాజికల్ సర్వే వాళ్లు ఎముకలు సేకరించారు. చాలా ఏళ్ల తర్వాత భారత, అమెరికా శాస్త్రవేత్తలు వాటిని కలిపి చూసి 2003లో ‘రాజసారస్ నర్మదెన్సిస్’ అని పేరు పెట్టారు. పొట్టి మూతి, బలమైన మెడ, నుదుటి మీద ఒక చిన్న కొమ్ము లాంటి బొడిపె. దీని కుటుంబాన్ని అబెలిసారిడ్స్ అంటారు.

ఈ కుటుంబంలో ఒక వింత ఉంది. చేతులు! అర్జెంటీనాలో దొరికిన బంధువు కార్నోటారస్ చేతులు ఎంత పొట్టివంటే, వాటి ముందు టి-రెక్స్ చేతులే పొడుగనిపిస్తాయి. ముంజేయి దాదాపు లేనట్టే. కానీ భుజం కీలు మాత్రం బాగా తిరిగేలా ఉంది. పట్టుకోవడానికి పనికిరాని చెయ్యి అలా తిరగడం ఎందుకు? జత కోసం ప్రదర్శనకు ఊపేదని కొందరు అంటారు. ఇంకా తేలలేదు. మడగాస్కర్‌లోని మరో బంధువు మజుంగసారస్ ఎముకల మీద దాని జాతి పళ్ల గాట్లే కనిపించాయి. అంటే తన జాతి మాంసాన్నే తినేది. భారత్, మడగాస్కర్ ఒకప్పుడు ఒకే ముక్క. విడిపోయి కోట్ల సంవత్సరాలైనా రెండు చోట్లా వేటగాళ్ల పోలిక పోలేదు.

కానీ అసలు పజిల్ ఇంకా వెనక్కి, ఈ కుటుంబాల మొదటి తరం దగ్గర ఉంది. అక్కడికి వెళ్లాలంటే గోదావరి వెంట ఎగువకు, ప్రాణహిత వైపు నడవాలి.

మాలేరి ఎర్రమట్టిలో

ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లాలో మాలేరి అనే ఊరి పేరుతో ఒక రాతి పొర ఉంది. ఎర్రటి మట్టిరాయి, మధ్య మధ్యలో ఇసుకరాయి. వయసు 20 కోట్ల సంవత్సరాలకు పైమాటే. అప్పటికి ఖండాలన్నీ కలిసే ఉన్నాయి. కోల్‌కతాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌కు ఈ ప్రాంతంతో దశాబ్దాల అనుబంధం. ‘గణాంకాల సంస్థకు డైనోసార్లతో పనేంటి?’ అనుకుంటున్నారా? దాని వ్యవస్థాపకుడు మహలనోబిస్ అన్ని శాస్త్రాలూ ఒకచోట ఉండాలనుకున్నారు. అందుకే అక్కడ జియాలజీ విభాగం కూడా పెట్టారు. ఆ విభాగానికి చెందిన టి.ఎస్. కుట్టి ఈ లోయను ఏళ్ల తరబడి తిరిగి, ఏ పొర ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో మ్యాప్ చేశారు.

అన్నారం ఊరి దగ్గర పై మాలేరి పొరలో కొన్ని ఎముకలు దొరికాయి. తుంటి ఎముకలు, తుంటి దగ్గరి వెన్నుపూసలు, తోక వెన్నుపూసలు. పుర్రె లేదు. పళ్లు లేవు. అవి సంస్థ సేకరణలో చాలాకాలం ఉన్నాయి. చివరికి అర్జెంటీనాకు చెందిన మార్టిన్ ఎజ్కుర్రా, మన శంకర్ చటర్జీ, మరికొందరు కలిసి 2025లో వాటికి పేరు పెట్టారు. మాలేరిరాప్టర్ కుట్టియి. ఊరి పేరు ముందు, కుట్టి గారి పేరు వెనక. వయసు సుమారు 22 కోట్ల సంవత్సరాలు.

ఇది హెర్రెరాసార్ల గుంపుకు చెందింది. ఈ గుంపులో బాగా తెలిసినది అర్జెంటీనాలో దొరికిన హెర్రెరాసారస్. 1963లో పేరు పెట్టారు. ఎముకలు మొదట చూసిన స్థానికుడు విక్టోరినో హెర్రెరా పేరే దానికి వచ్చింది. రెండు కాళ్ల మీద పరుగు, రంపపు అంచు పళ్లు, కింది దవడ మధ్యలో ఒక అదనపు కీలు. ఎర గింజుకుంటున్నప్పుడు దవడ కాస్త వంగి గట్టిగా పట్టుకోవడానికి ఆ కీలు ఉపయోగపడి ఉంటుంది. ఇంత ముదురు వేటగాడైనా తుంటికి అతుక్కున్న వెన్నుపూసలు మాత్రం రెండే, పాత సరీసృపాల లాగా. దవడ చూస్తే అడ్వాన్స్‌డ్, తుంటి చూస్తే పాత మోడల్! అందుకే ఇది టి-రెక్స్ వంశపు మొదటి కొమ్మా, లేక ఆ కొమ్మ పుట్టకముందే పక్కకు చీలిన వేరే కొమ్మా అన్నది ఇప్పటికీ వాదనే.

మాలేరిరాప్టర్ వల్ల తేలిన కొత్త విషయం ఇంకొకటుంది. కింది మాలేరి పొరలో రింకోసార్లు అనే ముక్కు లాంటి మూతి ఉన్న శాకాహారులు దండిగా దొరుకుతాయి. అర్జెంటీనాలో హెర్రెరాసారస్ ఉన్న పొరలోనూ అవి ఉన్నాయి. తర్వాత అవి అంతరించాయి. దక్షిణ ఖండాల్లో వాటితో పాటే హెర్రెరాసార్లు కూడా కనుమరుగయ్యాయని అనిపించేది, ఎందుకంటే ఆ తర్వాతి పొరల్లో వాటి జాడ అమెరికా నైరుతి వైపే కనిపించింది. మాలేరిరాప్టర్ దొరికింది రింకోసార్లు పోయాక ఏర్పడిన పై పొరలో. అంటే ఆ దెబ్బ తట్టుకుని ఈ వేటగాళ్లు మన వైపు కూడా బతికాయి. అప్పట్లో భారత్, అమెరికా నైరుతి ప్రాంతం భూమధ్యరేఖకు చెరోవైపు ఉన్నా వాతావరణం పోలి ఉండటం దీనికి ఒక కారణం కావచ్చని ఆ పేపర్ చెప్పింది.

సున్నా, ఒకటి, ప్రశ్నార్థకం

ఇక్కడ ఇంజినీరింగ్ వాళ్లకు నచ్చే పాయింట్ వస్తుంది. పుర్రె లేదు, పళ్లు లేవు. మరి ఇది మాంసాహారుల గుంపు అని ఎలా చెప్పారు?

ఒక పెద్ద ఎక్సెల్ షీట్ ఊహించుకోండి. అడ్డ వరుసల్లో జంతువులు, నిలువు వరుసల్లో లక్షణాలు. ‘తుంటి కింది ఎముక చివర ఉబ్బి ఉందా?’ లేకపోతే 0, ఉంటే 1. ఇలా వందల ప్రశ్నలు. షీట్ నిండాక కంప్యూటర్ ప్రోగ్రామ్ లక్షల కొద్దీ వంశవృక్షాలు గీసి చూస్తుంది. ఏ వృక్షంలో అతి తక్కువ మార్పులతో అన్ని లక్షణాలూ ఇమిడిపోతాయో దాన్ని ఎంచుకుంటుంది. మాలేరిరాప్టర్ తుంటి, తోక ఎముకల లెక్క హెర్రెరాసార్ల కొమ్మ మీద కుదిరింది. ఆ కొమ్మ మీద పళ్లు దొరికిన బంధువులు మాంసం తినేవి. కాబట్టి ఇదీ తినేదని అనుకోవడానికి ఆధారం ఉంది.

మరి దొరకని పుర్రె గడుల్లో ఏం రాస్తారు? అక్కడ అంచనా వేసి 1 కొట్టరు. ‘?’ పెడతారు. మాలేరిరాప్టర్ వరుస నిండా ప్రశ్నార్థకాలే. అయినా దానికి పేరొచ్చింది, స్థానం వచ్చింది. ఎందుకంటే నింపిన కొన్ని గడులూ నిజంగా దానివే.

ఒక పేరు, పలు జంతువులు

దీనికి పూర్తి విరుద్ధమైన కథ కూడా మాలేరి పొరలోనే ఉంది. శంకర్ చటర్జీ 1974లో కింది మాలేరిలో చిన్న చిన్న ఎముకలు కనుగొని, 1987లో ‘వాకేరియా’ అని పేరు పెట్టారు. బ్రిటిష్ శాస్త్రవేత్త అలిక్ వాకర్ గౌరవార్థం. తీరా చూస్తే ఆ పేరు అప్పటికే ఒక చిన్న సముద్ర జీవికి ఉంది. యూజర్‌నేమ్ ఆల్రెడీ టేకెన్ అన్నట్టు! 1994లో ‘అల్వాకేరియా’ అని మార్చారు.

అసలు వింత దాని పళ్లు. ముందు పళ్లు సన్నగా నిటారుగా, పక్క పళ్లు వెనక్కి వంగి ఉన్నాయి. రంపపు అంచు లేదు. మాంసం, పురుగులు, మొక్కలు అన్నీ తినే డైనోసారేమో అనుకున్నారు. 2005లో జర్మన్ శాస్త్రవేత్తలు రెమెస్, రౌహుట్ ఆ ఎముకలను మళ్లీ ఒక్కొక్కటిగా చూశారు. తొడ ఎముక, చీలమండ ఎముక డైనోసార్‌వే. దవడ ముక్కలు మాత్రం వేరే జంతువులవి. ఒకే మట్టిలో కలిసిపోయిన పలు జంతువుల ఎముకలు ఒకే పేరు కింద చేరాయి. ఇందులో మోసం లేదు. అంత చిన్న ఎముకలు కలగలిసి దొరికితే ఎవరికైనా జరిగే పొరపాటే. కానీ ఆ వింత పళ్ల ఆధారంగా అల్లిన ఆహారపు కథ మొత్తం ఆ డైనోసార్‌ది కాకుండా పోయింది.

ఇది చదివినప్పుడు నాకు చెమటలు పట్టాయి. ఎందుకో చెప్తా.

బీటెక్ అయిన కొత్తలో నా రెజ్యూమెలో ఒక ప్రాజెక్ట్ ఉండేది. నేను చేసింది కాదు. అందరూ కొంటున్నారు కదా అని అమీర్‌పేటలో డబ్బులిచ్చి కొన్నది. హైదరాబాద్‌లో ఒక ఇంటర్వ్యూలో మేడమ్ దాన్నే పట్టుకున్నారు. “ఈ రెండు టేబుల్స్ విడగొట్టడానికి కారణం ఏంటి?” అన్నారు. నాకు తెలీదు. తెలీదని చెప్పలేదు కూడా, ఏదేదో అల్లాను. ఆవిడ ఓపిగ్గా విని రెజ్యూమె మూసేశారు. నేను సొంతంగా రాసుకున్న చిన్న కోడ్ గురించి ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. అడగరు కూడా. ఒక దవడ పరాయిదని తేలాక, తొడ ఎముక నీదేనన్నా ఎవరు నమ్ముతారు?

సాయంత్రం రైలుకి టైముంది. నౌబత్ పహాడ్ ఎక్కి బిర్లా సైన్స్ మ్యూజియంలో కూర్చున్నా. అక్కడ కోటసారస్ అస్థిపంజరం నిలబెట్టి ఉంటుంది. ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లా యామనపల్లి దగ్గర దొరికిన పెద్ద శాకాహారి. జియలాజికల్ సర్వే శాస్త్రవేత్త పి.ఎం. యాదగిరి 1988లో పేరు పెట్టారు. అదీ ఒక్క జంతువు కాదు, ఒకేచోట దొరికిన పలు జంతువుల ఎముకలు కలిపి నిలబెట్టిందే. కానీ అన్నీ ఒకే జాతివి, ఆ విషయం శాస్త్రవేత్తలు దాచలేదు. టీమ్ వర్క్‌కీ, కొన్న ప్రాజెక్ట్‌కీ ఉన్న తేడా అదే. ఇంటికొచ్చాక ఆ ప్రాజెక్ట్ తీసేశా. రెజ్యూమె సగం పేజీ అయింది. ఉద్యోగం రావడానికి ఇంకో ఏడు నెలలు పట్టింది. కానీ ఆ తర్వాత ఏ ఇంటర్వ్యూలోనూ చేతులు వణకలేదు.

మరి కోటసారస్‌ని వేటాడింది ఎవరు?

ఆ రోజు నాకు తట్టని ప్రశ్న ఇది. కోటసారస్‌తో పాటు అదే కోట రాతి పొరలో బరపాసారస్ కూడా ఉంది. 12 మీటర్లకు పైగా పొడవు. 1961లో, రవీంద్రనాథ్ టాగోర్ శతజయంతి ఏడాదిలో తవ్వకాలు జరిగాయి కాబట్టి 1975లో పూర్తి పేరు ‘బరపాసారస్ టాగోరై’ అని పెట్టారు. అలాంటి మందలు తిరిగేచోట వేటగాడు ఉండి తీరాలి కదా? యాదగిరి 1982లో ‘దండకోసారస్’ అని ఒక మాంసాహారికి పేరు పెట్టారు. కానీ ఆధారం ఒక్క తుంటి ఎముక ముక్క. అది చాలదని చాలామంది ఆ పేరును సందేహంగానే చూస్తారు. జురాసిక్ కాలంలో మన గోదావరి లోయను ఏలిన వేటగాడి వరుసలో ఇప్పటికీ దాదాపు అన్నీ ప్రశ్నార్థకాలే. ఎవరో ఒకరు వెళ్లి నింపాలి.

మీరు నింపాలనుకుంటే...

డిగ్రీలో జియాలజీ ఉన్నవాళ్లకు దారి సూటిగా ఉంది. ఎమ్మెస్సీకి ఆంధ్రా యూనివర్సిటీ, ఉస్మానియా లాంటి చోట్ల జియాలజీ విభాగాలున్నాయి. ఐఐటీల్లో చేరాలంటే జామ్ రాయాలి. పీజీ తర్వాత యూపీఎస్సీ నిర్వహించే కంబైన్డ్ జియో-సైంటిస్ట్ పరీక్ష ద్వారా జియలాజికల్ సర్వేలో జియాలజిస్ట్, జియోఫిజిసిస్ట్, కెమిస్ట్ పోస్టులకు, కేంద్ర భూగర్భజల విభాగంలో పోస్టులకు పోటీ పడొచ్చు. గేట్‌లో జియాలజీ-జియోఫిజిక్స్ పేపర్ విడిగా ఉంది. అర్హతలు మాత్రం ఏ ఏడాది నోటిఫికేషన్‌లో ఆ ఏడాదివి చదువుకోండి.

బీటెక్ వాళ్లు మాకేంటి అనుకోవద్దు. రాయి పగలగొట్టకుండా లోపలి ఎముకను చూసేందుకు సీటీ స్కాన్లు వాడుతున్నారు. ఫొటోల నుంచి ఎముకల త్రీడీ మోడల్స్ తయారు చేస్తున్నారు. వంశవృక్షాల లెక్కలన్నీ కోడ్ మీదే నడుస్తాయి. ఇమేజ్ ప్రాసెసింగ్, డేటా తెలిసినవాళ్లకు అక్కడ చేతినిండా పని ఉంది. అయితే శిలాజ శాస్త్రంలో నేరుగా ఉద్యోగాలు చాలా తక్కువ. చమురు, ఖనిజాలు, భూగర్భజలం వైపే ఎక్కువ. అది తెలుసుకునే దిగండి.

ఖర్చు లేకుండా ఈ ఆదివారమే మొదలుపెట్టొచ్చు కూడా. ద్వారకా తిరుమల దర్శనానికి వెళ్లినప్పుడు గుట్ట పక్కన కోసిన చోట ఆగి ఇసుకరాయి పొరలు చూడండి. ఎక్కడైనా శిలాజం లాంటిది కనిపిస్తే పీకి జేబులో వేసుకోవద్దు. ఫొటో తీసి, లొకేషన్ రాసుకుని జియలాజికల్ సర్వేకి చెప్పండి. ఏ పొరలో దొరికిందో తెలియని ఎముకకు సగం విలువ పోయినట్టే.

మా వీధిలో రోడ్డు పని అయిపోయింది. ఆ కంకర ఇప్పుడు సిమెంటు కింద ఉంది. నేను దాచుకున్న ఒక్క రాయి మాత్రం నా లాప్‌టాప్ పక్కనే ఉంటుంది. మొన్న మా బాబాయి కొడుకు క్యాంపస్ ప్లేస్‌మెంట్ల కోసం రెజ్యూమె చూడమని పంపాడు. “అన్నయ్యా, స్కిల్స్ దగ్గర ఖాళీగా ఉంది, ఏదైనా రెండు పెట్టేయనా?” అని అడిగాడు.

“నీకొచ్చినవే పెట్టు తమ్ముడూ. ఖాళీ ఉంటే ఉండనీ. ఈ సెమిస్టర్‌లో ఒకటి నేర్చుకుని నింపుదువుగాని” అన్నా.